పదకొండు తన్నుల రీలు

"నేనే తీశానండి! రాసుకోండి!"

దీంతో నేరం ఒప్పుకున్న హమాలీల సంఖ్య ఏడుకి చేరింది.

కోల్డ్ స్టోరేజీ యజమాని చెంచయ్య బల్ల మీద గుద్దాడు. "ఒరేయ్, పోయింది ఒక్క రీలు. దొంగలు ఏడుగురు ఎట్టా అవుతార్రా?"

"తలా కాస్త తీశామండి. ముందు లోపలెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం."

వాడి ఆత్రంలో అర్థం ఉంది. అది 2001 మే నెల. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. గుంటూరు శివార్లలో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో దొంగకి వేస్తున్న శిక్ష ఏమిటంటే, రెండో చాంబర్లోకి తోసి తలుపు వేయడం. లోపల ఆరు డిగ్రీలు. టిక్కీలనే మిర్చి బస్తాలు పేర్చిన ఆ చల్లటి గదిలో అరగంట కూర్చోడానికి హమాలీలు ఖూనీ చేశామని కూడా ఒప్పుకునేలా ఉన్నారు. వరండాలో ఇంకా నలుగురు వరసలో నిలబడ్డారు.

అసలు అనుమానితుడు మాత్రం గంట నుంచీ లోపలే ఉన్నాడు. అతనికి అది సుఖంగా లేదు.

అతని పేరు బాజీ. వయసు యాభై ఎనిమిది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సినిమా ప్రొజెక్టర్ ఆపరేటర్. పన్నెండింటికి ఎస్సై వస్తున్నాడు. ఈలోగా నిజం బయటపడకపోతే దొంగతనం కేసు పెడతారు. కేసు పడితే ఆపరేటర్ లైసెన్సు పోతుంది. వచ్చే నెల ఒకటో తారీఖున పర్చూరులో కొత్త థియేటర్లో చేరాల్సిన మనిషి అతను. లైసెన్సు లేని ఆపరేటర్‌ని గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనికి కూడా పెట్టుకోరు.

గోడ గడియారం పదకొండు కొట్టింది.

"ఇంకో గంట ఉంది," అన్నాడు శ్రీకృష్ణ, తెల్ల గ్లౌజులు సర్దుకుంటూ. "నేరస్థుణ్ణి నేను తేలుస్తాను."

శ్రీకృష్ణ విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ మూడు బట్టల షాపులకి యజమాని. అసలు పిచ్చి మాత్రం మూగ సినిమాలు. మాటలు పుట్టకముందు తీసిన హాస్య చిత్రాలు రెండు వందల పన్నెండు అతని ఇంట్లో ఉన్నాయి. వాటికోసం రెండు గదులకి ఏసీలు పెట్టించి, తను మాత్రం ఫ్యాను కింద పడుకుంటాడు. చెంచయ్య దగ్గర నలభై ఒక్క డబ్బాలున్నాయని తెలిసి రైలెక్కాడు. మర్నాడు పొద్దున మిర్చి వ్యాపారుల హాల్లో మూడు వందల మంది ఎదుట ప్రదర్శన. కార్డులు కూడా పంచేశారు.

ప్రదర్శించాల్సిన సినిమా అయిదు రీళ్ళది. పేరు ఎవరికీ తెలీదు, పేరున్న ముక్క ఎప్పుడో తెగిపోయింది. కథ మాత్రం గుంటూరు హమాలీలందరికీ కంఠతా వచ్చు. ఒక విదేశీ దొర, అతని నౌకరు ఒకరోజు సరదాగా బట్టలు మార్చుకుంటారు. సాయంత్రం దొర తన ఇంటికి తను వస్తే, ఎవడో అడుక్కునేవాడనుకుని లోపలికి రానివ్వరు. నాలుగు రీళ్ళూ అదే గొడవ. అయిదో రీల్లో నౌకరు గుమ్మంలో నిలబడి దొరని తంతాడు. మొత్తం పదకొండు తన్నులు. పదకొండోదానికి దొర ఎగిరి బొగ్గుల బండిలో పడతాడు.

ఆ అయిదో రీలు తెల్లారేసరికి మాయమైంది.

రీళ్ళు చల్లగా ఉండాలని చెంచయ్య వాటిని రెండో చాంబర్లోనే ఇనప బీరువాలో దాచాడు. పదిహేనేళ్ళు మిర్చి మధ్య ఉండి అవి ఘాటు పట్టేశాయి. ప్రొజెక్టర్ లైటు వేడి తగిలితే చాలు, గదంతా మిరపకాయలు వేయించినట్టు కోరు లేస్తుంది. నవ్వుల సినిమాకి జనం కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ కూర్చుంటారు. తెలియనివాడు వస్తే చావు కబురు వచ్చిందనుకుంటాడు.

"తాళం పగల్లేదు," అన్నాడు శ్రీకృష్ణ గదిలో అటూ ఇటూ నడుస్తూ. "బీరువాకి తాళంచెవులు రెండు. ఒకటి బాజీ దగ్గర. రెండోది చెంచయ్య గారి మొలతాడుకి. తన వస్తువు తనే దొంగిలించుకునే మనిషి లోకంలో ఉండడు. కాబట్టి బాజీ. ఇది లెక్క. తిరుగులేదు."

"మరి తేలిపోయిందిగా, ఇంకా తేల్చేదేంది?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఆదాం. హమాలీల మేస్త్రీ అతను. మనిషి నల్లగా, పొడుగ్గా ఉంటాడు. గొంతు లౌడ్ స్పీకర్.

"రీలు ఎక్కడుందో తేలాలి. ఆ డబ్బా మూత తీసినవాడి చేతులకి మిర్చి ధూళి అంటుతుంది. అందరూ చేతులు వాసన చూపించండి."

శ్రీకృష్ణ వరసగా ముప్ఫై నాలుగు జతల చేతులు వాసన చూశాడు. ముప్ఫై నాలుగు సార్లు తుమ్మాడు. చివర్లో తన గ్లౌజులు వాసన చూసుకుని ఇంకోసారి తుమ్మాడు. "ఇక్కడ అందరూ దొంగలే," అని కుర్చీలో కూలబడ్డాడు.

ఆదాం అతనికి మంచినీళ్ళు ఇచ్చాడు. "అయ్యా, ఒకటి అడుగుతా. పోయింది మాట కూడా లేని సినిమా. దానికోసం ఇంత దూరం వచ్చారేంటండీ?"

శ్రీకృష్ణ మొహం వెలిగింది. "మాట లేకపోవడమే దాని గొప్ప. మాట్లాడితే ఎవడు చదువుకున్నవాడో, ఎవడు కానివాడో పట్టుబడతాడు. మాట తీసేస్తే దొరా నౌకరూ ఒకటే, ఒకే అరటితొక్క మీద జారతారు. మా సంఘంలో పద్దెనిమిది మంది సభ్యులం. అందరం యజమానులమే. యజమాని బురదలో పడే సినిమా అంటే ప్రాణం పెడతాం."

"ఎందుకట్టా?"

"పడేది వేరే యజమాని కదా."

"మాకూ ఆ సినిమా అంటే ప్రాణమేనండీ," అన్నాడు ఆదాం. "మాకు మాత్రం వేరే యజమాని పడ్డట్టు ఉండదు."

వరండాలో హమాలీలు గొల్లుమన్నారు. చెంచయ్య చేతిలో పెన్ను కిందపడింది. పై పెదవి మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కడ మీసం లేదు. వారం కిందటి వరకూ ఉండేది. రెండు కొనలూ పైకి తిప్పిన మీసం, ఇరవై ఏళ్ళ మీసం. తిరుపతి మొక్కు అన్నాడు. తల మీద జుట్టు మాత్రం అలాగే ఉంది. ఇదేం మొక్కు అని అడిగే ధైర్యం ఆ ప్రాంగణంలో ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే రాఘవమ్మ మజ్జిగ బిందె పనిమనిషి చేత పట్టించుకుని వచ్చింది. ఆమె చెంచయ్య భార్య. ఇల్లు కోల్డ్ స్టోరేజీ వెనకే. ఎండాకాలం పదకొండున్నరకి అందరికీ మజ్జిగ పొయ్యడం ఆమె పని.

"బాజీ ఏడీ?" అంది గ్లాసులు చూసుకుంటూ.

ఆదాం రెండో చాంబర్ వైపు తల తిప్పాడు. "రీలు తీశాడంటమ్మా. లోపలేశారు."

రాఘవమ్మ గ్లాసు కింద పెట్టింది. భర్త వంక చూసింది. చెంచయ్య క్యాలెండర్ వంక చూశాడు.

ఆమె తిన్నగా చాంబర్ దగ్గరికి నడిచింది. తలుపు జానెడు మందం. మధ్యలో అరచెయ్యంత గాజు కిటికీ. లోపల బాజీ మూడు గోనెసంచులు కప్పుకుని, ముక్కు కారుతూ కూర్చున్నాడు. ఆమెని చూసి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. పెదాలు కదిలాయి. ఏమీ వినిపించలేదు. ఆ తలుపులోంచి తుపాకీ పేలినా వినిపించదు.

రాఘవమ్మ చేతులు తిప్పింది. *నువ్వా?*

బాజీ రెండు చెవులూ పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. *అల్లా తోడు, నేను కాదు.*

ఆమె తల పంకించింది. తెలుసన్నట్టు. తర్వాత రెండు వేళ్ళతో ముక్కు కింద మీసం దువ్వి, ఆ మీసం కొనలు పైకి తిప్పి, పొట్ట ముందుకి తెచ్చి, చంకలో ఏదో పెట్టుకుని పిల్లిలా నాలుగడుగులు వేసింది.

బాజీ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత చిన్నవయ్యాయి. ఆ విషయం అతను ఎప్పుడో ఊహించాడని ఆమెకి అర్థమైంది. తాళంచెవులు రెండేనని అతనికన్నా బాగా ఎవరికి తెలుసు? అతను గబగబా నోటి మీద వేలు పెట్టి, ఆకాశం వైపు చేతులెత్తి, దణ్ణం పెట్టాడు. *వద్దు వదినా. చెప్పొద్దు.*

దూరం నుంచి ఇదంతా చూస్తున్న ఆదాం పక్కవాడితో అన్నాడు: "సినిమా బానే ఉందిరా. ఏంటో అర్థం కాలా."

బాజీ ఎందుకు వద్దన్నాడో తెలియాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పుడు బాజీ టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. అసలు సినిమా మొదలయ్యేలోపు జనాన్ని కూర్చోబెట్టడానికి ఈ పాత మూగ రీళ్ళు వేసేవాడు. రోజూ నేల టిక్కెట్టు మీద వచ్చి ముందు వరసలో కూర్చునే మనిషొకడు ఉండేవాడు. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ. దొరని నౌకరు తంతుంటే ఇసకలో దొర్లి నవ్వేవాడు. యార్డులో బస్తాలు లెక్కపెట్టినట్టు తన్నులు లెక్కపెట్టే ఆచారం మొదలుపెట్టింది వాడే. మొదటిదాన్ని ఒకటి అనరు, శుభమని "లాభం" అంటారు. "లాభం! రెండు! మూడు!" అని డేరా అంతా అరిచేది.

ఆ మనిషే చెంచయ్య. మిర్చి అతన్ని పైకి తెచ్చింది. టాకీస్ మూతపడినప్పుడు నలభై ఒక్క డబ్బాలూ కొన్నాడు. డబ్బాలతోపాటు బాజీని కూడా తెచ్చుకున్నాడు. అంతకుముందు "అన్నా" అని పిలిచిన బాజీ అప్పట్నుంచీ "అయ్యగారూ" అన్నాడు. రాఘవమ్మని మాత్రం వదినా అనడం మానలేదు. ఆ ఇంటి పరువు తన నోటి మీదుగా పోకూడదని అతని పట్టుదల.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా జీపు వచ్చింది.

ఎస్సై దిగాడు. వెంట ఒక కానిస్టేబుల్, చంకలో కాగితాల ఫైలు. చాంబర్ తలుపు తీశారు. గోనెసంచులతో బయటికొచ్చిన బాజీని చూసి ఎస్సై చలికి కాదు, అసూయతో వణికాడు.

"దొంగ ఇతనేనా?"

"ఇతనే," అన్నాడు శ్రీకృష్ణ. "ఇంకో ఏడుగురు ఒప్పుకున్నారు కానీ వాళ్ళవి చల్లదనం కోసం చేసిన నేరాలు."

"ఏమయ్యా, నువ్వే తీశావా?"

బాజీ చెంచయ్య వంక చూశాడు. చెంచయ్య బూట్ల వంక చూసుకున్నాడు.

"నేను తియ్యలేదండి. ఎవరు తీశారో నేను చెప్పను."

"అంటే తెలుసన్నమాట. ఎక్కు జీపు."

"ఆగండి!"

రాఘవమ్మ ఇంటి వైపు నుంచి వస్తోంది. నెత్తి మీద గంప. గంప దింపి పైన కప్పిన తువ్వాలు తీసింది. లోపల గుండ్రటి రేకు డబ్బా. మూత మీద తెల్ల పెయింటుతో *5*.

శ్రీకృష్ణ కెవ్వున అరిచి డబ్బా మీద పడ్డాడు. మూత తీసి, వాసన చూసి, తుమ్మి, "అదే! అదే!" అన్నాడు కన్నీళ్ళతో.

"ఎక్కడ దొరికిందమ్మా?" అన్నాడు ఎస్సై.

"మా ఇంట్లో వాషింగ్ మిషన్లో."

ఆ మిషన్ సంగతి అందరికీ తెలుసు. హాల్లో టీవీ పక్కన, ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలు పెట్టి ఉంటుంది. కొన్న నాటి నుంచీ దాంట్లో ఒక్క జేబురుమాలు కూడా ఉతకలేదు. ఏదైనా దాచాలంటే ఆ ఇంట్లో అంతకన్నా క్షేమమైన చోటు లేదు.

"చూశారా!" చెంచయ్య ఒక్కసారిగా లేచాడు. "మా ఇంట్లోనే దాచాడు! ఏరా బాజీ, అన్నం పెట్టిన ఇంట్లోనా?"

"బాజీ మా హాల్లోకి ఏనాడూ రాలేదు," అంది రాఘవమ్మ. "గుమ్మం దగ్గరే నిలబడతాడు. రానిస్తేగా." గొంతు సవరించుకుంది. "మా ఆయనే తీశారు. రాత్రి డబ్బా చంకలో పెట్టుకుని వస్తే నేను చూశా. వారం నుంచీ ఈయన్ని చూస్తానే ఉన్నా. వారం కింద ఓ మధ్యాన్నం ఒక్కరే కూచుని ఆ అయిదో రీలు వేసుకు చూశారు. అయిపోయాక అద్దంలో చూసుకున్నారు. మళ్ళీ రీలు వేశారు. మళ్ళీ అద్దం. ఆ దొరకీ ఈయనకీ అదే పొట్ట, అదే మీసం. తర్వాత కత్తెర అడిగారు."

వరండా అంతా చెంచయ్య పై పెదవి వంక చూసింది. అక్కడ వేలెడు వెడల్పున తెల్లటి చార. మిగతా మొహమంతా మే నెల రంగు.

"మీసం తీసినా పొట్ట ఉందిగా," అని ఎవరో అన్నారు.

"లాభం!" అన్నాడింకొకడు వెనక నుంచి. జనం కిసుక్కుమన్నారు.

చెంచయ్య మొహం పండు మిరపకాయలా అయింది. "విన్నారా ఎస్సై గారూ? వీళ్ళు ఇంతే! ఇన్నేళ్ళూ సినిమాకి నవ్వుతున్నారనుకున్నా. మొన్న మే డేకి వేస్తే వెనక్కి తిరిగి చూశా. ఒక్కడు తెర వంక చూట్లేదు. తన్ను తన్నుకీ నా వంకే చూత్తన్నారు! రేపు మూడొందల మంది వ్యాపారుల ముందు..." అని టక్కున ఆగాడు. కానీ అది ఒప్పుకోవడం కాదన్నట్టు కండువా దులుపుకున్నాడు. "అయినా నేను తియ్యలేదు. ఎవరన్నారు నేను తీశానని?"

"మీ భార్య అన్నారు," అన్నాడు శ్రీకృష్ణ అయోమయంగా. అతని లెక్క కళ్ళముందే కూలిపోతోంది.

"ఏమంది? చదవండి," అన్నాడు చెంచయ్య.

కానిస్టేబుల్ రాసుకున్న కాగితం తీసి గంభీరంగా చదివాడు. "'మా ఆయనే తీశారు.'"

వరండా గొల్లుమంది. కానిస్టేబుల్ మీసాలు తడుముకున్నాడు. "నేను కాదండీ, ఆమె అంది."

"ఇది చెల్లదు," అన్నాడు ఎస్సై. జిల్లాలో అంత పెద్ద మనిషి మీద కాగితం రాయడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. "'మా ఆయన' అంటే ఎవరు? రేపు ఈ కాగితం నేను చదివితే ఒకాయన, మా కానిస్టేబుల్ చదివితే ఒకాయన. పేరు కావాలమ్మా. పేరు లేకపోతే కాగితం మీద మనిషి లేనట్టే. బాజీ అనే మనిషికి పేరుంది. అతని మీద ఫిర్యాదుంది. అతన్ని తీసుకెళ్తాం."

చెంచయ్య మొహం తేటపడింది. కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. "ఆవిడ చెప్పదండీ."

అది నిజం. పెళ్ళయ్యి నలభై నాలుగేళ్ళయింది. రాఘవమ్మ నోట భర్త పేరు ఏనాడూ రాలేదు. కొత్తకోడలిగా గుమ్మంలో నిలబెట్టి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమని ఆడపడుచులు అడ్డుపడ్డారు. అందరు పెళ్ళికూతుళ్ళూ కాసేపు సిగ్గుపడి చెప్పేస్తారు. ఈమె పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా నిలబడింది. చివరికి వంటవాళ్ళు అన్నం చల్లారిపోతోందని గొడవచేస్తే, పేరు లేకుండానే లోపలికి రానిచ్చారు. ఆ తర్వాత ఓటర్ల లిస్టు రాసేవాళ్ళొచ్చినా, బ్యాంకువాళ్ళొచ్చినా, ఆమె రేషన్ కార్డు చూపించేది.

"వేలు పెట్టి చూపిస్తా," అంది రాఘవమ్మ.

"కాగితం మీద వేలు ఎట్టా రాయనమ్మా?"

"ఉపాయం!" అన్నాడు శ్రీకృష్ణ. "మూగ సినిమాల్లో మాటలు అట్టల మీద రాసి చూపిస్తారు. ఆమె కూడా రాసి చూపించవచ్చు."

"నాకు అక్షరాలు రావు నాయనా."

"మేం చెబుతామండి!" అన్నాడు ఆదాం. "ముప్ఫై నాలుగు మందిమి ఉన్నాం, ఆ పేరు గట్టిగా అరుస్తాం."

"మీరు చూశారా?" అన్నాడు ఎస్సై. "చూసినవాళ్ళే చెప్పాలి. పైగా మీలో ఏడుగురు ఆల్రెడీ ముద్దాయిలు."

ఎస్సై వాచీ చూసుకుని బాజీకి సైగ చేశాడు. బాజీ గోనెసంచులు తీసి మడతపెట్టి వరండా మీద పెట్టాడు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పసుపుపచ్చని కాగితం, మూల మీద కుర్రప్పటి ఫోటో. ఆపరేటర్ లైసెన్సు.

"ఇది తీసుకోండి సార్. ఎట్టాగూ తీసేసుకుంటారుగా. మడత దగ్గర చిరుగుంది, జాగ్రత్త."

ఎస్సై చెయ్యి చాపాడు.

"బాజీ, ఇవ్వమాక," అంది రాఘవమ్మ.

"పోనీ వదినా. ఒక్క కాగితమేగా." అతను నవ్వబోయాడు. పళ్ళు ఇంకా చలికి టకటకలాడుతున్నాయి. జీపు ఎక్కి వెనక సీట్లో, సీటు అంచు మీద, ఎప్పుడు లెమ్మన్నా లేచేలా కూర్చున్నాడు.

రాఘవమ్మ భర్త ముందుకి వచ్చి నిలబడింది. "మీరు చెప్పండి. మీ నోటితో మీరు చెప్తే నాకు ఈ పని తప్పుద్ది."

"నేనేం చెప్పాలే? పో, మజ్జిగ పొయ్యి."

"ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మనిషి. జైలుకి పోతన్నాడు."

"నాలుగు రోజుల్లో నేనే విడిపిస్తాలే. పర్చూరు పోడు, ఇక్కడే ఉంటాడు, అంతేగా! రేపటి గండం గడవనీ." చుట్టూ జనాన్ని చూసి గొంతు పెంచాడు. "లేదంటే చెప్పు! దమ్ముంటే పేరు చెప్పవే చూద్దాం!"

జీపు స్టార్టయింది.

రాఘవమ్మ పైట కొంగు నడుముకి దోపింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదాలు రెండుసార్లు కదిలాయి, శబ్దం రాలేదు. మూడోసారి ఏదో వచ్చింది, గుసగుసలా.

"వినపడలా," అన్నాడు కానిస్టేబుల్, పెన్ను పట్టుకుని. "ఇంజను మోత. కాస్త గట్టిగా చెప్పండమ్మా."

ఆమె కళ్ళు తెరిచి, ఎస్సైని కాదు, కుర్చీలో కూర్చున్న మనిషినే చూసింది. ప్రాంగణం అవతలి గేటు దాకా వినిపించేలా అరిచింది.

"చెంచయ్య! ఆ రీలు తీసింది చెంచయ్య!"